కారు లైట్లు సరిచేసిన కందుకూరు షాపు గురించి

మా అత్తయ్యకు వారానికి రెండు రోజులు, మంగళవారం, శనివారం ఒంగోల్లో డయాలసిస్. 2022లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు కూడా మా ఆసుపత్రులు, చుట్టరికాలు అన్నీ ఒంగోలే. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో. నాకు ఇక్కడే చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం షట్టర్ దించేసి అత్తయ్యను కారులో తీసుకెళ్తాను. నాలుగు గంటలు మిషను మీద ఉండి ఆవిడ బయటికొచ్చేసరికి ఆరున్నర. చలికాలంలో అప్పటికే చీకటి పడిపోతుంది.

టంగుటూరు టోల్‌గేటు దాటి సింగరాయకొండ దాకా హైవే మీద ఫర్వాలేదు. మధ్యలో గన్నేరు చెట్లు ఉన్నంత మేర ఎదురు బళ్ల వెలుతురు కంట్లో పడదు. అసలు టెన్షన్ సింగరాయకొండలో కందుకూరు రోడ్డెక్కాక మొదలవుతుంది. మధ్యలో డివైడరు ఉండదు. ఎదురొచ్చేవాళ్లలో ఎక్కువమంది బ్రైట్‌లోనే వస్తారు. మనం డిమ్ కొట్టి చూపించినా కొట్టరు. కొందరైతే మనం దారి అడుగుతున్నామనుకుని ఇంకా గట్టిగా వేస్తారు.

పోయిన నవంబరులో అలాగే ఒక కారు కళ్లు చెదిరేలా వేసుకుని వచ్చింది. అది దాటిపోయాక రెండు మూడు సెకన్లు నాకు ఏమీ కనపడలేదు. కనపడేసరికి ముందు సుబాబుల్ కర్ర వేసుకున్న ట్రాక్టరు ఆగి ఉంది. దాని వెనక ట్రక్కు దాటి రెండు గజాలు కర్రలు బయటికి వచ్చి ఉన్నాయి. వెనక ఎర్రలైటు లేదు, కనీసం ఎర్రగుడ్డ కూడా కట్టలేదు. బ్రేకు మీద నిలబడ్డాను. బండి ఆగింది. వెనక సీట్లో అత్తయ్య ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతిని గుండెలకు హత్తుకుని ముందు సీటుకు గుద్దుకుంది. ఆ చేతికి దెబ్బ తగిలితే ఏమవుతుందో డయాలసిస్ ఇళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు.

మర్నాడు నాకు తోచింది ఒకటే, నా కారుకూ పెద్ద లైట్లు కావాలి. నాది 2014 మోడల్ చిన్న కారు. లైట్ల అద్దాలు పచ్చబడి, పాత ప్లాస్టిక్ డబ్బా మూతల్లా తయారయ్యాయి. వేరే ఊళ్లో ఒక యాక్సెసరీస్ షాపులో తెల్లటి ఎల్ఈడీ బల్బులు 2,800 పెట్టి వేయించాను. పగల్లాగా ఉంటుందన్నారు. నిజంగానే రెండు రోజులు సంతోషపడ్డాను. మూడో ప్రయాణంలో ఎదురొచ్చే ప్రతి బండీ నాకు లైటు కొట్టడం మొదలుపెట్టింది. నేను డిమ్‌లోనే ఉన్నాను. మోటారు సైకిలు మీద పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టుకున్న ఒకాయన చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని మట్టిలోకి దిగిపోవడం చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మమ్మల్ని ఆ ట్రాక్టరు దాకా తెచ్చిన కారు ఏ పని చేసిందో, ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

మా వీధి ఆటో అబ్బాయి చెబితే వెళ్లాను ఈ షాపుకు. బోర్డు సగం చెరిగిపోయింది. వేపచెట్టు కింద రెండు బెంచీలు, పాత బ్యాటరీలు, లోపల ఒక పెద్దాయన, ఆయన కొడుకు. ఆటో ఎలక్ట్రికల్ పని తప్ప వేరే ఏదీ ముట్టుకోరు. లైట్లు వేసి చూపించమన్నారు. చూసి, "అమ్మా, వెలుతురు తక్కువై కాదు, పోవాల్సిన చోటికి పోవడంలా" అన్నారు.

ఇంకా కాంతి ఎక్కువ ఉండే బల్బు అంటగడతారేమో అనుకున్నాను. ఆయన పాత హాలోజన్ బల్బు ఒకటి తెచ్చి అరచేతిలో పెట్టి చూపించారు. హెచ్4 అంటారు, 60/55 వాట్లు. అందులో రెండు తీగలు ఉంటాయి, ఒకటి బ్రైట్‌కు, ఒకటి డిమ్‌కు. డిమ్ తీగ కింద చిన్న గిన్నెలాంటి రేకు ఉంటుంది. కిందికి పోయే వెలుతురును అది ఆపేస్తుంది. అలా ఆపితేనే వెనక ఉన్న అద్దం మీద పడి తిరిగొచ్చే కాంతి రోడ్డు మీదికి వంగుతుంది, ఎదుటివాళ్ల కళ్లలోకి లేవదు. నా కారు డూము, అంటే బల్బు కూర్చునే హెడ్‌లైటు గిన్నె, ఆ తీగ ఉండే చోటుకు కొలిచి చేసింది. నేను వేయించిన ఎల్ఈడీలో వెలుగు పుట్టే చోటు వేరు కాబట్టి కాంతి నలుదిక్కులా చిమ్ముతోందట. చంక కొలత పావు అంగుళం తప్పితే జాకెట్టు ఎక్కడ పట్టేస్తుందో రోజూ చూసేదాన్ని, ఆయన చెప్పింది వెంటనే అర్థమైంది.

పని రెండు విడతలుగా చేశారు. ముందు అద్దాలు. చుట్టూ టేపు అంటించి, నీళ్లు చల్లుతూ ముతక కాగితంతో మొదలుపెట్టి 3000 నంబరు దాకా నాలుగు రకాల ఎమరీ కాగితాలతో రుద్దారు. తర్వాత కాంపౌండు పెట్టి పాలిష్, చివర ఎండ తగలకుండా యూవీ పూత. ఎండకు ఆ పైపూత పోవడం వల్లే ప్లాస్టిక్ పచ్చబడుతుందట. టూత్‌పేస్టుతో ఇంట్లో రుద్దుకునేవాళ్లకు రెండు నెలల్లో మళ్లీ మామూలవడానికి కారణం అదేనన్నారు. మూడు గంటలు పట్టింది. నేను అక్కడే కూర్చుని చీరలకు హెమ్మింగ్ చేసుకున్నాను.

రెండోది లైట్లు గురి పెట్టడం. ఈ సమీక్ష రాయడానికి కారణం ఇదే. "పొద్దుగూకాక రండి, మామూలుగా ఎవరెవరు కూర్చుంటారో వాళ్లతోనే రండి" అన్నారు. వెనక మనుషులు కూర్చుంటే బండి వెనక దిగి, ముందు లైట్లు పైకి లేస్తాయట. అత్తయ్యను కూర్చోబెట్టుకుని వెళ్లాను. ముందు నాలుగు టైర్లలో గాలి చూశారు. పొగాకు గోడౌను గోడకు ఎదురుగా సమంగా ఉన్న నేల మీద బండి పెట్టించి, టేపుతో పది మీటర్లు కొలిచారు. బల్బు ఎత్తు గోడ మీద సుద్దతో గీసి, దానికి పది సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీశారు. డిమ్ వేస్తే వెలుతురు పై అంచు ఆ రెండో గీతను తాకాలి, ఎడమ వైపు కొంచెం పైకి లేవాలి. ఎడమ లేస్తే రోడ్డు పక్కన నడిచేవాళ్లు కనపడతారు, కుడివైపు వచ్చేవాళ్ల కళ్లలో పడదు. నా కుడి లైటు అంచు ఆ గీతకు జానెడు పైన ఉంది. లైటు వెనక ఉన్న మరను కొంచెం కొంచెం తిప్పుతూ అరగంట చేశారు. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చక్రం కూడా లైట్లు దించడానికేనని, వెనక బరువున్నప్పుడు తిప్పుకోవాలని చూపించారు. తొమ్మిదేళ్లుగా కారు సర్వీసింగుకు ఇస్తున్నాను, ఎవరూ చెప్పలేదు. వెళ్లేముందు ముందు అద్దాన్ని లోపలి వైపు కూడా తుడుచుకోమన్నారు. లోపల పట్టిన జిడ్డు మీద ఎదుటి లైటు పడి చెదిరిపోతుందట. తుడిచాక తేడా నాకే తెలిసింది.

ఎల్ఈడీలు పీకేసి వేసిన రెండు హాలోజన్ బల్బులతో కలిపి మొత్తం 1,650 తీసుకున్నారు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. బిల్లు ఇవ్వరు. పూత ఎన్నాళ్లుంటుందో హామీ ఇవ్వరు, ఎండలో పెడితే ఏడాదికి మళ్లీ రావాల్సి రావచ్చని ముందే చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూస్తారు. ఆడవాళ్లు కూర్చోవడానికి వేరే చోటు లేదు, కానీ ఆయన కొడుకు అత్తయ్యకు లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసి, మంచినీళ్లిచ్చాడు. హాలోజన్ వెలుగు ఎల్ఈడీ అంత తెల్లగా ఉండదు. వానలో తారు రోడ్డు నల్లగా మెరిసేటప్పుడు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. నేను కందుకూరు రోడ్డు మీద యాభై దాటడం మానేశాను.

ఎదుటివాళ్లు మారలేదు. నిన్న కూడా ముగ్గురు బ్రైట్‌లోనే వచ్చారు. ఇదివరకు నాకూ కోపం వచ్చి బ్రైట్ వేసేదాన్ని. అలా వేస్తే ఇద్దరం గుడ్డివాళ్లమై ఒకరి పక్క నుంచి ఒకరం పోతామని పెద్దాయన అన్నారు. ఇప్పుడు చూపు ఎడమ అంచు గీత మీదికి తిప్పుకుని, వేగం తగ్గించి వెళ్లిపోతున్నాను. నా లైటు ఆ అంచును స్పష్టంగా చూపిస్తోంది కాబట్టి ఆ పని చేయగలుగుతున్నాను. పోయిన శనివారం చీకట్లో ఎడమ పక్కన గేదెలను తోలుకెళ్తున్న ముసలాయన చాలా ముందుగానే కనపడ్డాడు.

పీకేసిన ఎల్ఈడీ బల్బులు పెద్దాయన డబ్బాలో పెట్టి తిరిగిచ్చారు. మా ఎదురింటి అబ్బాయి కొత్తగా పాత కారు కొన్నాడు. "అక్కా, ఊరికే పడున్నాయి కదా, నాకిచ్చేయ్" అని అడిగాడు. ఇవ్వలేదు. ఆదివారం సాయంత్రం వాణ్ణి, వాళ్లమ్మను కారులో కూర్చోబెట్టుకుని ఆ షాపుకు తీసుకెళ్లాను.