అమలాపురం నుంచి డాలస్‌కు: దుబాయ్ దారా, ఢిల్లీ దారా?

డాలస్‌లో ఉన్న పిల్లల దగ్గరకు బయలుదేరే పెద్దవాళ్ళు మా కోనసీమలో ప్రతి వేసవికీ ఉంటారు. టికెట్లు తీసే ముందు వాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే, ఏ దారి దగ్గర అని. ఈమధ్య మా అత్తయ్యగారికీ మామయ్యగారికీ టికెట్లు తీసినప్పుడు నేనూ ఆ లెక్కతోనే మొదలుపెట్టాను.

హైదరాబాద్ నుంచి డాలస్‌కు సూటి దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్తే 2,550, ఆపైన 12,900, రెండూ కలిపి 15,450 అవుతుంది. ఢిల్లీ, న్యూయార్క్‌ల మీదుగా వెళ్తే మూడు అంచెలకూ కలిపి 15,250 దాకా వస్తుంది. అంటే తేడా రెండు వందల కిలోమీటర్లు, విమానానికి పావుగంట పని. కాలం లెక్క మాత్రం తిరగబడుతుంది. దుబాయ్ దారిలో గాలిలో ఉండేది ఇంచుమించు 20 గంటలైతే, ఢిల్లీ దారిలో 22 గంటలు. పైగా 2025 ఏప్రిల్‌లో మన సంస్థల విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూతపడడంతో చుట్టుదారి వచ్చిపడింది.

అయితే నా దృష్టిలో అసలు విషయం ఇదేదీ కాదు, పెట్టెలు. అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్ ముగించుకొని, బెల్టు మీది పెట్టెలు దించుకొని, కస్టమ్స్ దాటించి, తరవాతి విమానానికి మళ్ళీ అప్పగించాలి. గతసారి న్యూయార్క్‌లో మామయ్యగారు ఒకే రంగు పెట్టెల మధ్య తమవి వెతుక్కుంటూ నిలబడిపోయారు. మాగాయ ఉన్న పెట్టె పిడికి అత్తయ్యగారు కట్టిన ఎర్ర జాకెట్టు గుడ్డ పీలిక కనిపించేసరికి డాలస్ విమానం వెళ్ళిపోయింది. దుబాయ్ దారిలో ఒకే టికెట్ మీద వెళ్తే హైదరాబాద్‌లో ఇచ్చిన పెట్టెలను డాలస్‌లోనే తీసుకుంటారు, అక్కడికి పిల్లలు వచ్చి ఉంటారు. చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసేటప్పుడే చెప్పి ఉంచితే దుబాయ్‌లో గేటు మార్పు కూడా భారం కాదు.

దుబాయ్ దారికి ఉన్న లోపం, రెండో అంచెలో 16 గంటలు ఒక్క బిగిన కూర్చోవలసి రావడం. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కనుక గంటకు పైగానే తగ్గుతుంది. మోకాళ్ళ నొప్పులవారికి లండన్ దారి నయం, అక్కడ ప్రయాణం దాదాపు సగానికి సగం విరుగుతుంది.

రాజమండ్రి విమానాశ్రయం మధురపూడి నుంచి హైదరాబాద్‌కు విమానం ఉన్నా, దాని టికెట్ విడిగా తీస్తే ఆలస్యం బరువు మన నెత్తినే పడుతుంది. అందుకని ఈసారి వాళ్ళిద్దరినీ ముందురోజు రాత్రి రాజమండ్రిలో గౌతమి రైలు ఎక్కించాను. హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఒక పగలంతా నిద్రపోయి దుబాయ్ విమానం ఎక్కారు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బాను మాత్రం అత్తయ్యగారు ఏ పెట్టెలోనూ పెట్టనివ్వలేదు, డాలస్ దాకా ఒళ్ళోనే పెట్టుకున్నారు.