పోలిష్ క్యాప్ జత కొనేవాళ్లు డబ్బు పంపేముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంటి దొడ్లో ముచ్చటకి జుట్టు కోళ్లు పెంచుకునేవాళ్లంతా జాగ్రత్తగా ఉండండి. ఫోన్లో వీడియో చూపించి, డబ్బంతా ముందే వేయించుకుని, "ఆరు నెలల పోలిష్ క్యాప్, గుడ్డుకొచ్చిన జత, గ్యారంటీ" అంటూ బస్సులో పెట్టె వేస్తున్నారు. పోలిష్ క్యాప్ అంటే తలమీద టోపీలా ఒత్తుగా ఈకల జుట్టుండే కోడి జాతి. పెట్టె విప్పితే వీడియోలో పక్షులు కావు. కాలికి ఐదేసి వేళ్లు, ఈకల కింద నల్లటి చర్మం, తలమీద జుట్టు కత్తెరతో ఎగుడుదిగుడుగా కోసేసి ఉంది. పైగా రెండూ పుంజులే. అడిగితే "కళ్లకి అడ్డం పడుతుందని కోశాం, పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది" అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఆ పదిహేను రోజుల మాట పచ్చి అబద్ధం. ఎదిగిన కోడికి కోసిన ఈక మన గోరులాగా పెరగదు. ఆ మోడు అలాగే ఉండి, ఏడాదికోసారి ఈకలు రాల్చేటప్పుడు ఊడితేనే దాని చోట కొత్తది వస్తుంది. మరి ఎందుకు కోస్తారు? పెట్టకి జుట్టు బంతిలా గుండ్రంగా ఉంటుంది. పుంజుకి సన్నగా, మొనలు తేలి, పాయలు పాయలుగా పక్కకి వాలుతుంది. జుట్టు కోసేస్తే ఆ తేడా పోతుంది, సంకరం పక్షి జుట్టు చిన్నదన్న సంగతీ దాగిపోతుంది. అయినా తోక మొదట్లో నడుం మీద ఈకలు చూడండి. మొనదేలి వేలాడుతుంటే పుంజు, కొస గుండ్రంగా ఉంటే పెట్ట. నెల పిల్లల్ని జత అని అమ్మేవాళ్లని అసలు నమ్మొద్దు. ఆ వయసులో పైకి చూసి ఖాయంగా చెప్పడం చాలా కష్టం. సిల్కీ (పట్టులాంటి మెత్తటి ఈకలుండే ఇంకో జాతి) అయితే ఐదారు నెలలు దాటినా ఒక్కోసారి తేలదు.

అసలు పోలిష్‌కి నాలుగే వేళ్లు, చర్మం తెలుపు, ముక్కు పైన చిన్న కొమ్ముల జత లాంటి తురాయి. ఐదో వేలు, నల్ల చర్మం రెండూ కనిపిస్తే సిల్కీ రక్తం కలిసిందనే. సిల్కీ మంచి పక్షే, కానీ పోలిష్ ధరకి కొనాల్సింది కాదు. పోలిష్ పిల్లకి గుడ్డులోంచి వచ్చిన రోజునుంచే నడినెత్తిన బుడిపె తెలుస్తుంది. జుట్టు నిలిచేది ఆ ఎముక మీదే. కొన్నిటికి అక్కడ ఎముక పూర్తిగా మూసుకోదు, మెదడుకి చర్మమే కాపు. అందుకే ఈ జాతిని ఇరుకు పెట్టెలో కుక్కి బస్సులో వేయడమే ఘోరం. తలకి దెబ్బ తగిలితే మెడ తిరిగిపోతుంది. అమ్మినవాళ్లు "ప్రయాణం అలసట" అంటారు, నమ్మి కూర్చోవద్దు. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే అంటురోగం)లోనూ మెడ అలాగే తిరుగుతుంది. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెల్లూరు జిల్లాలో 2024 ఫిబ్రవరిలో చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. కొత్త కోడిని కనీసం మూడు వారాలు వేరే గూట్లో, వేరే నీళ్ల గిన్నెతో ఉంచాకే పాతవాటితో కలపండి.

ఇలాంటి పక్షి ఇప్పటికే చేతికొచ్చి ఉంటే, పగటి వెలుతురులో జుట్టు పాయలు తీసి ఈక మొదళ్లు చూడండి. తెల్లటి గింజల్లా అంటుకుని ఉంటే పేల గుడ్లు. పశువుల గోమార్లకి వాడే మందు తలకి పట్టించొద్దు, కళ్లలోకి దిగుతుంది. డాక్టర్ ఇచ్చిన మందే వాడండి. గుడ్లు చావవు కాబట్టి పది రోజులకి రెండోసారి తప్పనిసరి. కంటికి అడ్డం పడే ఈకలుంటే ఒకరు తువ్వాలు చుట్టి పట్టుకోండి, ఇంకొకరు మొన మొద్దుగా ఉన్న కత్తెరతో కంటి చుట్టూ మాత్రమే కత్తిరించండి. చర్మానికి వేలి వెడల్పు దూరం వదలండి. కాడ నీలంగా, ఉబ్బుగా ఉంటే అందులో రక్తం ఉంది, ముట్టుకోవద్దు. పొరపాటున తెగితే శుభ్రమైన గుడ్డతో రెండు మూడు నిమిషాలు అదిమి పట్టండి. నీళ్లు నిపుల్‌తోనే (ముక్కుతో పొడిస్తే చుక్క పడే గొట్టం) పెట్టండి. వెడల్పు గిన్నె పెడితే జుట్టు తడిసి జడకట్టి, కార్తీకం ముసురులో ఆరక కంపు కొడుతుంది. నాటుకోళ్లతో కలిపి వదిలితే అవి ముందు పొడిచేది ఆ జుట్టునే. పైనుంచి గద్ద వచ్చినా దీనికి కనపడదు, కాబట్టి వల కప్పిన చోటే తిప్పండి.

కొనాలంటే మనిషి వెళ్లి చూసి తెచ్చుకోండి. కుదరకపోతే లైవ్ వీడియో కాల్ అడగండి. పక్షిని చేత్తో పట్టి కాలి వేళ్లు, నడుం ఈకలు, ఈకలు విడదీసి చర్మం చూపించమనండి. కాల్ వద్దని రికార్డు వీడియోలే పంపుతుంటే అక్కడే ఆపేయండి. రోహిణీ కార్తెలో అయితే ఎంత నమ్మకస్తులైనా బస్సులో వేయనివ్వొద్దు. ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, లావాదేవీ నంబరు, పెట్టె విప్పేటప్పుడు తీసిన వీడియో దగ్గర పెట్టుకుని ఫిర్యాదు ఇవ్వండి.