నెల్లూరులో షాపు: రైల్వే స్టేషన్ దగ్గరా, ఆత్మకూరు బస్టాండు దగ్గరా?

రైలు దిగేచోట షాపుంటే అద్దె ఎంతైనా గిట్టుతుందని నెల్లూరులో షట్టరు వెతికే ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాట కొన్ని రైళ్లకే చెల్లుతుంది.

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో లైట్ రైల్ స్టాపుకి పావు మైలు లోపలున్న వ్యాపార స్థలాల ధర సుమారు 23 శాతం ఎక్కువని 2002లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. స్థలం ధర పెరిగితే అద్దె ఊరికే ఉండదు. అయితే లైట్ రైల్ ఊరి వీధుల్లో తిరిగే బండి. పొద్దున పనికి ఎక్కినవాళ్లే సాయంత్రం అక్కడే దిగుతారు, రేపూ వస్తారు.

మన స్టేషన్ చెన్నై, విజయవాడ మెయిన్ లైనుది. దిగినవాళ్ల చేతిలో సామాను, కళ్లు ఆటో మీద. వాళ్లు కొనేది నీళ్ల బాటిలు, టిఫిను, పండ్లు, తలనొప్పి మాత్ర. ఆ వ్యాపారమైతే స్టేషన్ దగ్గరే తీసుకోండి, అదీ జనం బయటికొచ్చే దారిలో. పట్టాలకి అవతల 200 మీటర్లలో ఉన్న షట్టరుకి కూడా ‘స్టేషన్ దగ్గర’ అని అద్దె చెబుతారు. ఆ దూరం మీరే నడిచి చూడండి.

బట్టలు, చెప్పులు, సెల్‌ఫోన్ సామాన్లయితే నా ఓటు ఆత్మకూరు బస్టాండుకే. బుచ్చి, ఆత్మకూరు వైపు పల్లెల నుంచి ఆసుపత్రికనీ, కాలేజీకనీ వచ్చినవాళ్లు తిరుగు బస్సు కోసం నిలబడతారు. ఆ కాస్త సమయంలోనే బేరం తెగుతుంది, నచ్చితే మళ్లీ వస్తారు. లైట్ రైల్ స్టాపులో జరిగేది ఇదే. కొంచెం ఎక్కువ అద్దె పెట్టినా ఇక్కడ న్యాయం ఉంది.

ట్రంకు రోడ్డు సంగతి వేరు. అక్కడికి జనం కొనడానికే బయల్దేరి వస్తారు, స్టేషన్ దూరంతో పనిలేదు. చిన్న పెట్టుబడితో మొదటి షాపు పెట్టేవాళ్లు అటు పోకపోవడమే మంచిది.

ఎక్కడ తీసుకున్నా ఎదుట రోడ్డు పనులేమైనా రాబోతున్నాయేమో కనుక్కోండి. సిడ్నీ జార్జ్ స్ట్రీట్‌లో లైట్ రైల్ కోసం 2015లో తవ్వకాలు మొదలైతే బండి నడిచింది 2019 డిసెంబరులో. ఆ మధ్యలో చాలాకాలం బారికేడ్ల వెనక షాపులవాళ్లు నలిగిపోయారు. తవ్వకాలు జరిగినన్ని నెలలూ సగం అద్దె అని అడ్వాన్సు ఇచ్చేముందే అగ్రిమెంటులో రాయించుకోండి.