ఒక్క పగటిలో శ్రీముఖలింగం: విశాఖ నుంచి టూరు బస్సులో

ఖమ్మం నుంచి మా అక్కయ్య, బావగారు వచ్చి వారం రోజులు మా ఇంట్లో ఉన్నారు. విశాఖకు వచ్చిన చుట్టాలను అరకుకో, బొర్రా గుహలకో పంపించడం మాకు అలవాటు. బావగారు ఆ రెండూ ఇదివరకే రెండేసి సార్లు చూశారు. "పాత గుడి ఏదైనా చూపించమ్మా, శిల్పం ఉన్నది" అన్నారు. శ్రీముఖలింగం అనుకున్నాం. ముగ్గురం అరవై దాటినవాళ్లం, కారు నడిపేవారు లేరు. అందుకని శ్రీకాకుళం జిల్లా క్షేత్రాలను ఒక్క రోజులో తిప్పి తెచ్చే ప్రైవేటు టూరు బస్సులో సీట్లు తీసుకున్నాం. మనిషికి 1,100 రూపాయలు. టిఫిను, భోజనం, గైడు అందులోనే. దర్శనం టిక్కెట్లు మాత్రం విడిగా కొనుక్కోవాలి. వాళ్లిచ్చిన కాగితం మీద అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, శ్రీముఖలింగం అని నాలుగు పేర్లున్నాయి. ఆదివారం సూర్యదేవాలయంలో జనం కిటకిటలాడతారని తెలిసి శనివారం ఎంచుకున్నాం. ఆ రోజు మేం చేసిన తెలివైన పని అదొక్కటే.

బస్సు ద్వారకా బస్‌స్టేషన్ దగ్గర తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరుతుందని చెప్పారు, అన్న వేళకే బయలుదేరింది కూడా. అయితే మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, కొమ్మాది అంటూ ప్రతి కూడలిలోనూ ఆగి, ఫోన్లు చేసి, ఇంకా ఇంట్లోంచి కదలని వాళ్ల కోసం నిరీక్షించి, ఆనందపురం దాటేసరికి ఏడు కావచ్చింది. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో. మద్దిలపాలెంలో ఎక్కితే సరిపోయేది. కానీ మొదటి స్టాపులో ఎక్కకపోతే ముందు సీట్లు దక్కవని ఏజెంటు హెచ్చరించడంతో ఆ చీకట్లో ఆటో ఎక్కి వెనక్కి వెళ్లాం. తీరా చూస్తే సీటు నంబర్లు ముందే వేసి ఉన్నాయి. నా సీటును వెనక్కి వాల్చే పిడి విరిగిపోతే దాన్ని ప్లాస్టిక్ తాడుతో చేతి కమ్మీకి కట్టేశారు. ఆ ముడి రోజంతా నా మోచేతికి గుచ్చుకుంటూనే ఉంది. మిగతా విషయాల్లో బస్సును తప్పు పట్టలేను. ఏసీ పనిచేసింది, డ్రైవరు నెమ్మదస్థుడు, మంచినీళ్ల సీసాలకు లోటు రానివ్వలేదు. రణస్థలం దగ్గర పెట్టించిన పెసరట్టు, ఉప్మా వేడిగా, రుచిగా ఉన్నాయి.

విశాఖ నుంచి శ్రీకాకుళం సుమారు 110 కిలోమీటర్లు. జాతీయ రహదారి బాగుంది కనుక తొమ్మిదిన్నరకల్లా అరసవల్లి చేరాం. ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ ప్రతిష్ఠించాడని చెప్పే గుడి ఇది. ఇప్పుడు కంటికి కనిపించేది చాలావరకు తరువాతి వారు తిరిగి కట్టినదే. మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ కొద్ది రోజులపాటు ఉదయపు కిరణాలు నేరుగా స్వామి పాదాల మీద పడతాయి. మేం వెళ్లింది నవంబరులో. దర్శనం అరగంటలో అయిపోయింది, ప్రసాదం తీసుకుని బస్సెక్కాం.

శ్రీకూర్మంలో మరికాస్త సేపు నిలిచే వీలు దొరికింది. విష్ణువును కూర్మావతారంలో మూలవిరాట్టుగా కొలిచే ఈ క్షేత్రంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ధ్వజస్తంభాలు ఉండటం మరో విశేషం. అందరూ గర్భాలయం వైపు వెళుతుంటే బావగారు మండపం స్తంభాల దగ్గరే ఆగిపోయారు. ఆ స్తంభాల నిండా శాసనాలున్నాయి, ఎక్కువ భాగం తెలుగులోనే. రాజులు, రాణులు, మంత్రులు అఖండ దీపాలకూ నైవేద్యాలకూ రాసిచ్చిన భూములు, సొమ్ముల వివరాలవి. అక్షరం పోల్చుకుంటూ ఆయన "దీపానకు" అన్న ఒక్క మాట చదవగలిగి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. ప్రదక్షిణ మార్గంలో గోడల మీది రంగుల చిత్రాలు చాలా చోట్ల వెలిసిపోయాయి. ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లు, వీపు మీద పసుపుపచ్చ చారలతో, ఆకుకూర కట్ట చుట్టూ చేరి తీరుబడిగా తింటున్నాయి. మా బస్సులోని పిల్లలకు ఆ రోజంతటికీ గుర్తుండిపోయింది అవేనని నా అనుమానం.

ఆ తరువాత దగ్గరలోనే ఉన్న శాలిహుండానికి వెళ్లాలి. బస్సు మాత్రం శ్రీకాకుళం వైపు తిరిగింది. అడిగితే, "టైము చాలదమ్మగారూ, పైగా అక్కడ మెట్లు ఎక్కువ, పెద్దవాళ్లు ఎక్కలేరు" అన్నాడు గైడు. టైము ఎందుకు చాలలేదో పావుగంటలో అర్థమైంది. రోడ్డు పక్కన ఒక బట్టల దుకాణం ముందు బస్సు ఆపి, పొందూరు ఖద్దరు చూడమని అందరినీ దింపారు. నలభై నిమిషాలు అక్కడే గడిచాయి. పొందూరు నేత మీద నాకు గౌరవం లేక చెప్పడం లేదు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తోనే సన్నని నూలు వడికే ఊరది. అంత దగ్గరకు వచ్చాం కదా, ఆ పని చేసే చేతులను చూపించి ఉంటే సంతోషంగా గంటసేపు కూర్చునేవాళ్లం. అక్కడ పంచెలకంటే మిల్లు చీరలే ఎక్కువ కనిపించాయి. అక్కయ్య మొహమాటానికి రెండు తువ్వాళ్లు కొన్నది. గైడు ఒక మూల నిలబడి దుకాణం మేనేజరుతో టీ తాగాడు.

భోజనం శ్రీకాకుళంలో. అరిటాకు వేసి పప్పు, గుమ్మడికాయ పులుసు, వంకాయ కూర, గడ్డపెరుగు వడ్డించారు. మారు వడ్డనకు మొహం చిట్లించలేదు. అక్కడ ఒక మంచి మాట చెప్పాలి: మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. అక్కడి నుంచి మళ్లీ శ్రీకాకుళం చేరేదాకా ఆ అవసరం కోసం బస్సు ఎక్కడా ఆగదన్న సంగతి మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

నరసన్నపేట దాటి, చల్లవానిపేట దగ్గర లోపలి రోడ్డు పట్టుకుని, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం చేరేసరికి మూడు గంటల నలభై నిమిషాలైంది. "నాలుగున్నరకు బస్సు కదులుతుంది" అని మైకులో ప్రకటించాడు గైడు. దేని కోసం ఈ ప్రయాణం పెట్టుకున్నామో దానికి మిగిలింది యాభై నిమిషాలు.

రాయలసీమ, కోస్తా గుడులు చూసి అలవాటైన కళ్లకు ఇక్కడ మొదట ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. ఎత్తైన రాజగోపురం ఉండదు. ఆ ఎత్తంతా గర్భాలయం మీది శిఖరానిదే. అది నలుపలకగా లేచి, పైకి పోను పోను లోపలికి వంగి, ఉసిరికాయను అడ్డంగా కోసినట్టుండే రాతి చక్రంతో ముగుస్తుంది. భువనేశ్వర్ గుడులు చూసినవారు ఈ రూపాన్ని ఇట్టే గుర్తుపడతారు. కళింగను ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. ఇక్కడి ప్రధానాలయమైన మధుకేశ్వరాలయం ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటిది. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు తరువాత రాజధానిని కటకానికి, అంటే నేటి కటక్‌కు, మార్చుకున్నాడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నది కూడా ఆయనే. ఒడిశాలో ఇప్పుడు లోకమంతా వెళ్లి చూసే శిల్పానికి ముందటి అడుగులు మన వంశధార ఒడ్డున పడ్డాయన్నమాట. మా గైడు దీన్నంతా వదిలిపెట్టి, అశోకుడు కళింగ యుద్ధానికి వచ్చినప్పుడు ఈ గుడిలోనే పూజ చేశాడని చెప్పాడు. ఆ యుద్ధం క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటిది; గుడికీ దానికీ వెయ్యేళ్ల పైనే ఎడం. బావగారు నోరు తెరవబోతే అక్కయ్య ఆయన మోచేయి నొక్కింది.

లోపల అర్చకులు చెప్పిన కథే నయం. ఇక్కడ శివుడు ఇప్ప చెట్టు మొదట్లో వెలిశాడని, సంస్కృతంలో ఆ చెట్టు మధూకం కనుక మధుకేశ్వరుడయ్యాడని, చెట్టును నరికిన సవర గిరిజనులకు మొద్దులో స్వామి ముఖం కనిపించిందని ఆయన నింపాదిగా చెప్పారు. లింగం వెనుక చీకట్లో ఉన్న పెద్ద మట్టి గోలేన్ని హారతి వెలుగులో చూపించారు. కుమ్మరి ఒకడు మొక్కు తీర్చుకోవడానికి చేసి తెచ్చాడట; గుమ్మం కంటే గోలెం పెద్దది, లోపలికి ఎలా వచ్చిందో స్వామికే తెలియాలి. "ఈ ఊళ్లో లింగాలు కోటికి ఒక్కటి తక్కువ తల్లీ, ఆ ఒక్కటీ ఉంటే కాశీయే" అన్నారాయన.

బయట నేను ఎక్కువసేపు నిలబడింది రాతి కిటికీ ముందు. ఒకే పలకను తొలిచి తీగలు, ఆ తీగల వంపుల్లో చిన్న చిన్న బొమ్మలు తీశారు. వెలుతురు ఆ రంధ్రాల గుండా లోపలికి పడుతుంటే తీగ అవతలి వైపు కూడా గుండ్రంగానే చెక్కి ఉందని తెలిసింది. ఎవరూ చూడని వైపు అంత శ్రద్ధ ఎందుకు పెట్టారో ఆ శిల్పికే ఎరుక. ఒక బొమ్మ ముఖం మీద భక్తులు అద్దిన కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి, ముక్కు, పెదవి కలిసిపోయాయి. దాన్ని చూస్తూ ఉండగానే బస్సు హారను వినిపించింది.

గుమ్మం బయట పూలమ్మే ఆవిడ మమ్మల్ని ఆపింది. "సోమన్న గుడి సూసినారా అమ్మా? అది సూడకుండా ఎల్లిపోతే ఎలగ?" ఊరి మొదట్లో, మండపం కూడా లేకుండా ఒంటరిగా నిలబడి ఉన్న సోమేశ్వరాలయం అది. మధుకేశ్వరుడికి దగ్గర్లోనే ఉన్న భీమేశ్వరాలయాన్ని కూడా మేం చూడలేదు. సోమేశ్వరాన్ని కదులుతున్న బస్సు అద్దంలోంచి చూశాం. దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర అరగంట, భోగాపురం దగ్గర ట్రాఫిక్కులో మరో పావుగంట ఆగి, రాత్రి తొమ్మిది ముప్పావుకు మద్దిలపాలెంలో దిగాం.

ఆ అసంతృప్తి మనసులో ఉండిపోయి, సంక్రాంతి వెళ్లాక నేనూ, మా వారూ విడిగా వెళ్లాం. కాంప్లెక్స్‌లో, అంటే ద్వారకా బస్‌స్టేషన్‌లో, శ్రీకాకుళం నాన్‌స్టాప్ బస్సుకు ఎప్పుడు వెళ్లినా పెద్దగా ఆగాల్సిన పని ఉండదు. సుమారు రెండున్నర గంటల ప్రయాణం. శ్రీకాకుళం బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జిలో దిగాం. దుప్పట్లు ఉతికినవే, వేడినీళ్లు బకెట్లో తెచ్చి ఇచ్చారు, కుర్రాళ్లు మర్యాదస్థులు. అయితే రోడ్డు వైపు గది తీసుకోవడం వల్ల తెల్లవార్లూ హారన్లు మోగుతూనే ఉన్నాయి. వెనుక వైపు గది అడిగి తీసుకోవాలి. రైల్లో వచ్చేవారికి ఇంకో మాట: శ్రీకాకుళం రోడ్ స్టేషను ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి ఆటోకో, బస్సుకో వేరే లెక్క వేసుకోవాలి.

మొదటి రోజు సాయంత్రం శాలిహుండం ఎక్కాం. మెట్లు గైడు భయపెట్టినంతగా లేవు. మధ్యలో రెండుసార్లు కూర్చుంటే చాలు. ఇటుకల చైత్యాల (బౌద్ధుల పూజామందిరాల) పునాదులు, స్తూపం, కింద వంశధార ఇసుక తిన్నెలు, కళింగపట్నం వైపు నుంచి వీచే గాలి, మేం తప్ప మనిషి లేడు. 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని లోకం దృష్టికి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు అనే మనకు గుర్తు. కానీ ముఖలింగం శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకుని, కళింగనగరం ఇదేనని గుర్తించిన చరిత్రకారుడు కూడా ఆయనే. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఆ ప్రాంతంలోనిదే. ఆయన గురించి రాస్తూ ఇంత గ్రాంథికంగా రాయడం నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు ముఖలింగం చేరి పన్నెండు దాకా ఉన్నాం. సోమేశ్వరాలయం ద్వారబంధం అడుగున చెక్కిన నదీ దేవతల ఎదుటే అరగంట గడిచింది. లాడ్జి, బస్సులు, శాలిహుండానికి మాట్లాడుకున్న కారు, భోజనాలు అన్నీ కలిపి ఇద్దరికీ దాదాపు 4,300 అయ్యాయి. టూరు బస్సులో ఇద్దరికి 2,200 అయ్యేది. మోకాళ్ల నొప్పులతో బస్సులు మారలేనివారికి, దర్శనాలే ముఖ్యమనుకునేవారికి టూరు బస్సు ఇప్పటికీ సుఖమనే అంటాను. డబ్బు కట్టే ముందు మాత్రం, దుకాణాల దగ్గర ఆపుతారా, ముఖలింగంలో ఎంతసేపు ఉంచుతారు అని అడిగి తెలుసుకోవడం మంచిది.

మొన్న మా పక్కింటివారి కోసం అదే బస్సు వాళ్లకు ఫోన్ చేసి ఆ రెండు ప్రశ్నలూ అడిగాను. మొదటిదానికి జవాబు చెప్పలేదు. రెండోదానికి, "అక్కడ చూడ్డానికేముంది మేడమ్, మూడు పాత గుళ్లే కదా, అరగంట చాలు" అన్నాడు.