బోస్టన్‌లో రెండు బొంతలు

2021 డిసెంబరులో బోస్టన్‌లో మూడు రోజులున్నాం. మావారు ఊరు చూడటానికి వచ్చారు, నేను వెళ్లింది మాత్రం రెండు బొంతల కోసం.

ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో అప్పుడు అమెరికా బొంతల ప్రదర్శన జరుగుతోంది. హారియెట్ పవర్స్ కుట్టినవాటిలో మిగిలినవి రెండే అంటారు. ఆ రెండూ ఒకే చోట కనబడటం అదే మొదటిసారి. 1837లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన మనిషి ఆమె. 1886లో అక్కడి ఏథెన్స్ ఊరి పత్తి సంతలో ఆమె కుట్టిన బైబిల్ కథల బొంతను చూసి, జెన్నీ స్మిత్ అనే చిత్రకళ ఉపాధ్యాయిని కొంటానంటే, ఎంతిచ్చినా ఇవ్వనన్నారట. నాలుగైదేళ్లకు ఇల్లు గడవక, పది డాలర్లు అడిగి, చివరికి ఐదు డాలర్లకే ఇచ్చేశారు. ఇచ్చేటప్పుడు ఒక్కో గడి కథా చెబితే స్మిత్ రాసి పెట్టుకున్నారు. ఆ తర్వాత కూడా పవర్స్ దాన్ని చూసుకోవడానికి వచ్చిపోయేవారట. అది చదివాక అక్కడి నుంచి చాలాసేపు కదలలేకపోయాను.

రెండో బొంతలో పదిహేను గడులు. ఒకదానిలో 1833 నవంబరు 13 నాటి ఉల్కల వాన ఉంది. రాలుతున్న నక్షత్రాలు, బెదిరిపోయిన మనుషులు, నక్షత్రాలను ఆపుతున్న దేవుడి చెయ్యి. ఆమె పుట్టకముందు సంగతి అది, పెద్దల నోట విన్నదే అయి ఉంటుంది. బొమ్మల అంచుల వెంట మిషను కుట్టు వంకరగా పోతుంటే, మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత గుర్తొచ్చింది. ఆ చీరల కథలు మేమెవరం రాసి పెట్టుకోలేదు.

అదే ప్రదర్శనలో ఈ కాలపు కళాకారిణి బీసా బట్లర్ బొంత ఇంకో తీరు. 1899 నాటి నల్లజాతి కళాశాల బేస్‌బాల్ జట్టు ఫొటోను రంగురంగుల గుడ్డముక్కలతో నిలువెత్తున నిలబెట్టారు.

బస దగ్గరే దెబ్బతిన్నాం. చవకని ఊరి చివర తీసుకున్న హోటల్లో హీటరు రాత్రంతా గలగలమంది, చెప్పినా గది మార్చలేదు. నగర రైళ్లలో గ్రీన్‌లైన్ ‘E’ శాఖ రైలు సరిగ్గా మ్యూజియం ముందే ఆగుతుంది. కొంచెం ఎక్కువైనా ఆ లైను పక్కనే గది తీసుకోండి. ప్రదర్శన 2022 జనవరిలో ముగిసింది. బైబిల్ బొంత వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌ది, రెండోది బోస్టన్ మ్యూజియానిదే. వెలుతురుకు గుడ్డ పాడవుతుందని ఇలాంటివాటిని ఏడాది పొడుగునా ప్రదర్శనలో ఉంచరు. టికెట్టు కొనే ముందే కనుక్కోండి.