ఓటిస్ పాడిన ఏటవాలు నేల: మెంఫిస్‌లోని స్టాక్స్ మ్యూజియం

మెంఫిస్‌కు చుట్టాలు వస్తే ఇక్కడి తెలుగువాళ్ళం ముందు ఎల్విస్ ఇంటికి, ఆ తర్వాత మిసిసిపి ఒడ్డుకు తీసుకువెళ్తాం. ఫెడెక్స్ ఉద్యోగంతో కాలియర్‌విల్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్న నేనూ ఇన్నాళ్ళూ అదే చేశాను. ఈసారి తెనాలి నుంచి నాన్న వచ్చినప్పుడు మాత్రం నేరుగా మెక్‌లెమోర్ అవెన్యూలో స్టాక్స్ అనే పాత రికార్డుల కంపెనీ మ్యూజియానికి తీసుకువెళ్ళాను. డిసెంబరు రెండో వారం అది. ఆ కంపెనీకి పాడిన ఓటిస్ రెడింగ్, నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతంలో పెద్ద గాయకుడు, పోయింది 1967 డిసెంబరు 10న. ఏటా ఆ తేదీకి దగ్గరలో ఒకసారి అక్కడికి వెళ్ళకపోతే నాకు ఆ నెల గడిచినట్టు ఉండదు.

నాన్నకు ఇంగ్లీషు పాటలు అలవాటు లేవు. మా వీధిలో ప్రతి ఫిబ్రవరి 11న ఘంటసాల వర్ధంతి జరిగేది. పటానికి దండ వేసి, రాత్రి పొద్దుపోయేదాకా పాడేవారు. హార్మోనియం నాన్నది. ఆ మనిషికి ఈ చోటు నచ్చుతుందా అని కారులో దారి పొడవునా ఆలోచిస్తూనే ఉన్నాను.

మొదట ఒక చిన్న సినిమా చూపిస్తారు. అది అయ్యాక లోపలికి అడుగు పెడితే ఎదురుగా పాతకాలపు చెక్క చర్చి. మిసిసిపి డెల్టా పల్లెలో వందేళ్ళకు పైబడిన చర్చిని విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. సోల్ సంగీతం ఎక్కడ పుట్టిందో ఇంతకంటే బాగా చెప్పడం కష్టం. ఓటిస్ తండ్రి కౌలు రైతు, ప్రసంగాలు చేసేవాడు. ఓటిస్ గొంతు పదును తేలింది జార్జియాలోని మేకన్ ఊరి చర్చిలో. గుమ్మం దగ్గర నాన్న వంగి బూట్లు విప్పబోయారు. అక్కర్లేదు నాన్నా అన్నాను. "ప్రార్థన జరిగిన చోటు కదమ్మా" అన్నారు.

ఆ తర్వాతది స్టూడియో. స్టాక్స్ అంటే అంతకుముందు ఒక సినిమా హాలు. కుర్చీలు పీకేశారు కానీ నేల ఏటవాలును సరిచేయలేదు. ఆ పాటల్లోని మోతలో ఆ వాలుకూ వాటా ఉందంటారు. కంపెనీ 1975లో దివాలా తీసింది, భవనాన్ని 1989లో కూల్చేశారు. 2003లో అదే స్థలంలో అదే రూపంలో మ్యూజియం కట్టినప్పుడు ఆ వాలును కూడా తిరిగి కట్టారు. ఈ ఒక్క పనికే నేను వాళ్ళకు నమస్కరిస్తాను. నాన్న ఆ వాలు మీద నెమ్మదిగా నడిచి, ఒకసారి చప్పట్లు కొట్టి, చెవి ఒగ్గి విన్నారు.

1962లో ఓటిస్ ఇక్కడికి వచ్చింది పాడటానికి కాదు, జానీ జెంకిన్స్ అనే గిటారు వాద్యకారుడిని కారులో దింపడానికి. ఆ రోజు రికార్డింగ్ చివర్లో కాస్త సమయం మిగిలితే ఒక పాట పాడనిచ్చారు. ఆ పాటే ఆయన మొదటి విజయం. నాన్నకు ఈ కథ ఎంతగా పట్టిందంటే రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఓటిస్ వస్తువులున్న అద్దాల అర దగ్గర ఒక పెద్దావిడ నిలబడి సన్నగా ఈల వేస్తోంది. ఓటిస్ పాట 'డాక్ ఆఫ్ ద బే' చివర్లో వచ్చే ఈల. నది అవతల ఆర్కెన్సా నుంచి చెల్లెలితో వచ్చిందట. ఓటిస్ ఎక్కిన విమానం విస్కాన్సిన్‌లోని మడిసన్ ఊరి దగ్గర మొనోనా సరస్సులో కూలిందన్న వార్త రేడియోలో విన్ననాటికి ఆమెకు పదిహేనేళ్ళు, ఓటిస్‌కు ఇరవై ఆరు. వెంట ఉన్న వాద్యబృందం కుర్రాళ్ళలో బతికి బయటపడింది ట్రంపెట్ వాయించే బెన్ కాలీ ఒక్కడే. ఆ పాటను విమానం కూలడానికి కొద్ది రోజుల ముందే ఇక్కడ రికార్డు చేశారు. చివర్లో మాటలు కుదరక ఈల వేశాడని చెబుతారు. అలల హోరు, సముద్రపు పక్షుల అరుపులు స్టాక్స్ గిటారు వాద్యకారుడు స్టీవ్ క్రాపర్ తర్వాత కలిపాడు. 1968లో అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. పాడినవాడు వినలేదు.

ఇదంతా నాన్నకు తెలుగులో చెప్పాను. ఆయన ఆమె వైపు తిరిగి, 1974లో ఘంటసాల పోయారని విని సైకిలు ఆపి కాలువగట్టున కూర్చుండిపోయిన సంగతి తెలుగులోనే చెప్పారు. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆమె నాన్న చెయ్యి పట్టుకుంది.

స్టాక్స్ గాయకుడు ఐజాక్ హేస్ బంగారు తొడుగుల కాడిలాక్ కారు పిల్లలకు నచ్చుతుంది. అది చూసి ముందుకు కదలండి. ఆగి చదవాల్సింది స్టాక్స్ రికార్డులను పంపిణీ చేసిన అట్లాంటిక్ సంస్థతో ఒప్పందం గురించి. ఆ సంస్థ ద్వారా వెలువడిన పాటల హక్కులు, ఓటిస్ పాటలతో సహా, దాని చేతిలోనే ఉన్నాయని స్టాక్స్ వాళ్ళకు 1968లో కానీ తెలియలేదు. చెమటోడ్చి చేసిన పాటలు తమవి కావని తెలిసిన మనుషుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మూడు గంటలు చేతిలో ఉంచుకుని వెళ్ళండి. వివరాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కనుక పెద్దవాళ్ళను తీసుకువెళ్తే పక్కనే ఉండి చదివి చెప్పండి, ముందుకు పరుగెత్తకండి. బయటికి వచ్చేముందు దుకాణంలో ఓటిస్ రికార్డు ఒకటి కొన్నాను. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర తెప్పించినది పళ్ళెంలా వంగి వచ్చింది, ముల్లు పెడితే జారిపోయేది. ఇది చదునుగా ఉంది, శుభ్రంగా మోగుతోంది.

ఆ రాత్రి నాన్న ఆ ఈల వచ్చే చోటును నాలుగుసార్లు పెట్టించుకున్నారు. వేళ్ళు బల్ల మీద మెట్లు వెతుకుతున్నాయి. ఫిబ్రవరిలో తెనాలి సభలో ఘంటసాల పాటలన్నీ అయ్యాక దీన్ని హార్మోనియం మీద వాయిస్తానన్నారు. ఎవరిదని అడిగితే ఏం చెబుతారు నాన్నా అన్నాను. "డ్రైవరుగా వచ్చిన పిల్లవాడిదని చెబుతాను" అన్నారు.