విజయ్ అయ్యర్ ట్రియో ‘బ్రేక్ స్టఫ్’: తాళం వెయ్యండి చూద్దాం

జాజ్ పియానో అంటే హోటల్ లాబీలో మెల్లగా మోగే సంగీతం అనుకునేవాళ్లకి నేను వినిపించే ఆల్బమ్ ఇది. పియానో విజయ్ అయ్యర్, అమెరికాలోనే పుట్టి పెరిగిన తమిళుల అబ్బాయి. డబుల్ బేస్ స్టీఫన్ క్రంప్, డ్రమ్స్ మార్కస్ గిల్మోర్ (మహానుభావుడు, జాజ్ డ్రమ్మర్ రాయ్ హేన్స్ మనవడు, ఆ చెయ్యి ఊరికే రాలేదు). 2014లో న్యూయార్క్‌లో రికార్డ్ చేస్తే 2015లో ఈసీఎమ్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసింది.

వరసగా కాకుండా ముందు ‘హుడ్’ పెట్టండి. టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం చేసే డెట్రాయిట్ సంగీతకారుడు రాబర్ట్ హుడ్‌కి నివాళి అది. కాసిని స్వరాలే తిప్పి తిప్పి వాయిస్తుంటారు, రాగం పెద్దగా కదలదు, కానీ ఊనిక మాత్రం ఒకసారి పియానో మీద, ఒకసారి డ్రమ్స్ మీద పడుతూ జరిగిపోతుంటుంది, మనం కాలితో తాళం వేస్తూ ఇదే సమం అని ధైర్యంగా అనుకునేలోపు అది ఇంకోచోట ఉంటుంది. యంత్రాలతో చేసే సంగీతాన్ని చేతులతో వాయించడమంటే మాటలా! ఇక్కడ పక్కవాద్యం అంటూ ఏదీ లేదు, ముగ్గురూ ముందువరసే.

కచేరీలు వినే అలవాటున్నవాళ్లు ‘మిస్టరీ ఉమన్’ తప్పకుండా వినాలి, దాని నడకలో మృదంగం లెక్కలున్నాయి. అలాగని ఇది ఫ్యూజన్ కాదండోయ్, రాగం పైపైన పూసి తంబురా కలిపే బాపతు అసలే కాదు. లెక్క లోపల ఉంది, పైకి జాజే.

జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ‘కౌంట్‌డౌన్’ అసలు రికార్డింగ్ రెండు నిమిషాల చిల్లర, ఊపిరాడనివ్వదు. వీళ్లు దాన్ని విడగొట్టి, సాగదీసి, లయ మార్చేశారు, పాతది బాగా తెలిసినవాళ్లకే ఎక్కువ మజా. ‘బ్లడ్ కౌంట్’లో పియానో ఒక్కటే. జాజ్ స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ 1967లో క్యాన్సర్‌తో ఆస్పత్రిలో ఉండగా పూర్తి చేసిన రచన అది, అయ్యర్ ఎక్కడా ఏడుపు ఎక్కువ చెయ్యకుండా వాయించాడు.

లోటు లేదా అంటే ఉంది. పక్షుల పేర్లతో మూడు ట్రాకులున్నాయి, వాటిలో ‘గీస్’ నాకు సాగింది. మొత్తం 70 నిమిషాలు ఒకే బిగిన వింటే బుర్ర వేడెక్కుతుంది కూడా. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, క్రంప్ బేస్ సగం వినపడదు, అది లేకపోతే ‘హుడ్’ ఉత్త టకటకే.